ఆరు భాషల్లో ఆరోగ్యంగా ఉన్న బస్సు

గుర్రాలమెట్ట బస్సుకు ఏ జబ్బూ లేదు. ఆ సంగతి ఆరు ప్రోగ్రామింగ్ భాషల్లో రుజువైంది. అందుకే దాన్ని డిపోలో ఆపేశారు.

ఇదెలా జరిగిందో చెప్పేముందు నాకు కొత్తగా పెళ్లయిందని చెప్పాలి. ఈ మధ్య నేనేం చెప్పబోయినా ముందు అదే వచ్చేస్తోంది. కూరగాయలావిడకు చెప్పాను. గ్యాసు ఆఫీసులో చెప్పాను. పొరపాటున నా నంబరుకు ఫోన్ చేసిన ఒక పెద్దాయనకు కూడా చెప్పాను. పాపం, ఆయన దీర్ఘసుమంగళీభవ అని దీవించి, తనకు కావలసింది సిమెంటు దుకాణమని చెప్పి పెట్టేశారు.

మావారి పేరు నిరంజన్. కొండ మీద గుర్రాలమెట్టలోని జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. నేను కొండ కింద కోనపేటలో, ప్రజా ప్రయాణ సంస్థ వారి బస్సు డిపోలో ప్రోగ్రామర్ని. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక ఘాట్ రోడ్డు. ఆ రోడ్డెక్కే బస్సు మా డిపోకి ఒక్కటే ఉంది. పొద్దున్న కొండెక్కి సాయంత్రానికి దిగుతుంది. శనివారం అందులో ఆయన దిగుతారు. అందుచేత ప్రపంచంలోని బస్సులన్నిటిలో నాకు అదే అందమైన బస్సు. దాని వెనక అద్దం మీది దుమ్ములో ఎవరో గీసిన చేప బొమ్మ కూడా నాకు ముద్దుగానే కనిపిస్తుంది.

పెళ్లయినా నేనింకా లేడీస్ హాస్టల్లోనే ఉన్నాను. ఈమధ్యే ఇల్లు దొరికింది. వంటింటి కిటికీ తెరిస్తే జామకొమ్మ లోపలికి తొంగిచూస్తుంది. ఆదివారం పొద్దున్న పాలు పొంగించడానికి అత్తయ్యగారు ముహూర్తం పెట్టించారు. దంపతులిద్దరూ పొయ్యి దగ్గర ఉండాలి. అది తప్పితే ఆషాఢం వచ్చేస్తుంది. ఆషాఢంలో కొత్త ఇంట్లో చేరకూడదు, కొత్త దంపతులు ఒకచోట ఉండకూడదు. మా అమ్మ నన్ను పుట్టింటికి పట్టుకుపోతుంది, ఇంటివాళ్లు ఆ ఇల్లు ఇంకెవరికో ఇచ్చేస్తారు. నేను పాలగిన్నె కొని హాస్టల్లో దిండు పక్కన పెట్టుకుని పడుకుంటున్నాను. రూమ్మేటు నన్ను చూసి తలకొట్టుకుంటోంది.

ఇక బస్సు సంగతి. ఇప్పటి బస్సులకు స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది. ఇంజను వేడెక్కిందా, బ్రేకుల్లో గాలి తగ్గిందా అన్న కబుర్లన్నీ అందులోంచి అంకెల రూపంలో వస్తాయి. ఆ అంకెలను చదివి, ఫలానా చోట ఫలానా లోపం ఉందని చెప్పిపెట్టే సాఫ్ట్‌వేరు లైబ్రరీ ఒకదాన్ని మా సంస్థ తెప్పించింది. పని చేసేది అదే. మనం రాసే ప్రోగ్రాము దాన్ని పిలిచి జవాబు అడుగుతుంది, అంతే. దాన్ని పైథాన్ నుంచి పిలవచ్చు, జావా నుంచి పిలవచ్చు, మొత్తం ఆరు భాషల్లో దేనినుంచైనా పిలవచ్చు. నేను పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం మిర్చి బజ్జీల వేళకు పూర్తయింది. మొదటిరోజే ఒక బస్సు తన ఇంజను వేడిని కొలిచే సెన్సరు చెడిపోయిందని చెప్పింది. వర్క్‌షాప్ ఫోర్‌మన్ బుల్లియ్యగారు మార్చేశారు. అందరం సంతోషించాం. సంస్థలో అందరూ సంతోషించినప్పుడు పైనుంచి తప్పకుండా ఒక ఉత్తరం వస్తుంది.

డిపో మేనేజరు మార్కండేయులుగారు దాన్ని నా ముందు పెట్టి కళ్లజోడు తుడుచుకున్నారు. అందులో ఇలా ఉంది:

"సదరు లైబ్రరీ ఆరు భాషలయందు వినియోగార్హమై ఉండగా, మీ డిపోయందు ఒకే ఒక భాషలో వినియోగింపబడుచున్నట్లు తనిఖీలో గమనించడమైనది. మిగిలిన ఐదు భాషలు నిరుపయోగముగా పడియుండుటకు గల కారణములు వెంటనే తెలుపవలెను."

"ఐదు పడున్నాయంటమ్మా," అన్నారు మార్కండేయులుగారు. "స్టోర్సులో చూడమంటారా?"

"అవి సామాన్లు కాదండీ. లైబ్రరీ దగ్గరికి వెళ్లే దారులు. ఒక దారిలో వెళ్తే చాలు."

"మనకి చాల్తుందమ్మా. ఆడిట్‌కి చాలదు. ఆరు సీట్లున్న జీపు కొని డ్రైవర్ ఒక్కడే తిరుగుతున్నాడేంటని అడిగితే ఏం చెప్తాం?"

"అయిదుగుర్ని ఎక్కించి తిప్పుతామా?"

"తిప్పుతాం," అన్నారాయన, ప్రశ్నే అర్థం కానట్టు.

ఆ మధ్యాహ్నమే భాషల పంపకం జరిగింది. సీనియారిటీ ప్రకారం అన్నారు. సి ప్లస్ ప్లస్ అన్నిటికన్నా పాతది కాబట్టి, డిపోలో అన్నిటికన్నా పాత విభాగమైన వర్క్‌షాప్‌కి ఇచ్చారు. ట్రాఫిక్ విభాగానికి జావా, స్టోర్సుకి సి షార్ప్, అకౌంట్సుకి పైథాన్, సిబ్బంది విభాగానికి రూబీ వెళ్లాయి. జావాస్క్రిప్ట్ మిగిలితే క్యాంటీనుకి ఇచ్చారు. గేటు దగ్గర కాపలా వాళ్లకు ఏమీ దక్కలేదు. వాళ్లు మర్నాడు భోజనాల వేళ గేటుకి అడ్డంగా కూర్చుని, "భాష లేని బతుకు మాకొద్దు" అని నినాదాలిచ్చారు. ఇకమీదట వచ్చే మొదటి కొత్త భాష వాళ్లదేనని మేనేజరుగారు హామీ ఇచ్చాక లేచారు.

ఆరు విభాగాల ప్రోగ్రాములూ రాయాల్సింది నేనే. డిపోలో ఉన్న ప్రోగ్రామర్ని నేనొక్కదాన్నే. రాశాను. నాకు ఆ రోజుల్లో ఏ పని చెప్పినా ఉత్సాహంగానే ఉంది. సి ప్లస్ ప్లస్‌లో ఒక సెమికోలన్ మరిచిపోయి రెండు గంటలు వెతికినా, పాట పాడుకుంటూనే వెతికాను.

బుధవారం మొదటి సంయుక్త పరీక్ష. పరీక్షకు గుర్రాలమెట్ట బస్సును ఎంచారు. మొహానికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఒక్కొక్క విభాగం అధికారీ వచ్చి, తన ల్యాప్‌టాప్‌ను సాకెట్‌కి తగిలించి, తన భాషలో అడిగి, వచ్చిన జవాబును మైకులో చదివారు.

"లోపం లేదు," అంది వర్క్‌షాప్.

"లోపం లేదు," అంది ట్రాఫిక్.

అలా ఆరోసారి క్యాంటీను మేనేజరు, చేతికి అంటిన శనగపిండి దులుపుకుని, "లోపం లేదు" అన్నాడు. మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన జీవితంలో మొదటిసారి ఒక బస్సు గురించి ప్రకటన చేశాడు మరి.

"ఆరుసార్లడిగినా ఒకే మాటంటే, మాట మీద నిలబడ్డ బస్సండి ఇది," అన్నారు బుల్లియ్యగారు మురిసిపోతూ. "మన ఆఫీసర్లకన్నా నయం."

మేనేజరుగారు విననట్టు నటించి లడ్డూలు పంచారు.

ఆ లడ్డూ నా నోట్లో ఉండగానే ప్రధాన కార్యాలయం కారు వచ్చి ఆగింది. అందులోంచి ప్రత్యేక ధ్రువీకరణాధికారి పరాంకుశంగారు దిగారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన గొడుగులా ఉంటారు. ఆరు జవాబులనూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"మార్కండేయులుగారూ, పరీక్ష హాలులో ఆరుగురు విద్యార్థులు అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు వ్రాసినచో దానిని ఏమందురు?"

మేనేజరుగారి చేతిలో లడ్డూ ఆగిపోయింది. "కాపీ అంటారండి."

"మనం దీనిని ఏమనవలెను?"

"అయ్యబాబోయ్," అన్నారు మేనేజరుగారు.

"స్వతంత్ర ధ్రువీకరణ అనగా స్వతంత్రముగా ఉండవలెను. విచారణ పూర్తగువరకు ఈ బస్సు కదలరాదు."

నేను లడ్డూ మింగి, "సార్, బస్సు బాగుందండి," అన్నాను.

"బాగున్నదని ఆరుగురు కూడబలుక్కుని చెప్పుచున్నారు. అదియే మా ఆందోళన."

గురువారం డిపోలో పబ్లిక్ పరీక్షలు జరిగాయి. ఆరు ల్యాప్‌టాప్‌లనూ ఆరు గదుల్లో పెట్టి, ఒక్కో గదికి ఒక ఇన్విజిలేటరును వేశారు. సాకెట్ ఒక్కటే కాబట్టి ఒక్కోదాన్ని బస్సు దగ్గరికి పిలుచుకు రావాలి. దారిలో ఒకదాని తెర ఇంకొకదాని కంటబడకుండా ప్రతి ల్యాప్‌టాప్‌కీ తువ్వాలు కప్పి తెచ్చారు. వర్క్‌షాప్ ల్యాప్‌టాప్ ఎదురైతే ట్రాఫిక్ ల్యాప్‌టాప్‌ను గోడవైపు తిప్పి నిలబెట్టారు. మధ్యలో ఫ్లయింగ్ స్క్వాడ్ అంటూ పరాంకుశంగారు రెండుసార్లు వచ్చి, కీబోర్డులు తలకిందులు చేసి దులిపించారు. క్యాంటీను వారి దాంట్లోంచి కారప్పూస రాలింది. దాన్ని స్వాధీనం చేసుకున్నారు.

జవాబులు విప్పారు. లోపం లేదు. లోపం లేదు. లోపం లేదు. ఆరుసార్లు.

ఇంతలో సాకెట్ లేని పాత బస్సులు హాయిగా వచ్చి పోతూనే ఉన్నాయి. వాటిని అడగడానికి వీల్లేదు కాబట్టి వాటిమీద అనుమానమూ లేదు. తలుపును తాడుతో కట్టుకున్న బస్సు ఒకటి, ఒక పక్కకు ఒరిగి, నల్లటి పొగ వదులుతూ గేటు దాటితే పరాంకుశంగారు పక్కకు తప్పుకుని దారిచ్చారు. వాటిలో ఒకదాన్ని కొండకు పంపమని నేనడిగాను. బుల్లియ్యగారు నవ్వారు.

"అది మన గేటు దగ్గిర స్పీడు బ్రేకరెక్కడానికే రెండుసార్లు ఆలోచిత్తాదమ్మా. ఘాటేం ఎక్కుద్ది?"

సాయంత్రం మావారికి ఫోన్ చేశాను.

"శనివారం బస్సు రాదేమోనండి."

"పాడైందా?"

"లేదు. బాగుంది. బాగుందని అందరూ అంటున్నారు. అందుకే ఆపేశారు."

"పోనీ నువ్వు దాంట్లో ఏదైనా చిన్న వైరు పీకెయ్యకూడదూ?"

"పీకితే ఆరుగురూ కలిసి వైరు లేదంటారు. మళ్లీ ఏకాభిప్రాయమేగా."

"నిజమే. అయితే నేను నడిచొచ్చేస్తాను."

"ఘాట్‌లో ఎలుగుబంట్లున్నాయండీ!"

"అయితే పరిగెత్తుకొస్తాను."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంకా చాలాసేపు మాట్లాడుకున్నాం. నేనడిగితే ఏదైనా చేస్తానన్నారు. పెట్టేటప్పుడు నువ్వు పెట్టంటే మీరు పెట్టండని మామూలే. ఫోను ముందు ఎవరు పెట్టాలన్న విషయంలో తప్ప మా ఇద్దరికీ ఇంతవరకూ ఎందులోనూ తేడా రాలేదు.

శుక్రవారం నన్ను విచారణకు పిలిచారు. పరాంకుశంగారు బల్లకు అటు, నేను ఇటు. మేనేజరుగారు మధ్యలో, ఎటూ కాకుండా కూర్చున్నారు.

"ఆరు వేర్వేరు ప్రోగ్రాములు ఒకే జవాబు ఎట్లు ఇచ్చుచున్నవి? వివరింపుడు."

"సార్, మీరు హోటలుకి వెళ్లారనుకోండి. ఒకే వంటగది, దానికి ఆరు కిటికీలు. ఏ కిటికీ దగ్గర నిలబడి అడిగినా అదే సాంబారు వస్తుంది. ఈ భాషలన్నీ కిటికీలండి. లైబ్రరీ వంటగది."

"అనగా ఆరు కిటికీలకును ఒకే వంటగది కలదని మీరు ఒప్పుకొనుచున్నారు."

"ఒప్పుకోడమేంటి సార్, అదే దాని గొప్పతనం."

"అదే దాని కుట్ర," అన్నారు పరాంకుశంగారు మేనేజరుగారి వైపు తిరిగి. "గమనించితిరా? ఇంతకాలమూ మనం ఒకే సాంబారు త్రాగుచున్నాము."

మేనేజరుగారు పొట్ట పట్టుకున్నారు.

"ఆరింటిలో కనీసం ఒకటైనా అసమ్మతి తెలిపినప్పుడే మిగిలిన ఐదింటి మాటకు విలువ. ఏదైనా ఒక ప్రోగ్రామును భిన్నముగా చెప్పునట్లు సవరింపుడు."

"బస్సు చెప్పనిదాన్ని చెప్పించలేను సార్. ఘాట్ రోడ్డు మీద మనుషులు తిరిగే బస్సది." ఈ మాట అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. గొంతు మా అమ్మ గొంతులా వచ్చింది. "కావాలంటే ఏడోది వేరేగా రాసిస్తాను. దానికి లైబ్రరీతో ఏ సంబంధమూ ఉండదు."

"బస్సుతోనో?"

"బస్సుతోనూ ఉండదు."

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. నేను నా ల్యాప్‌టాప్ తెరిచి, బడిలో నేర్చుకున్న బేసిక్ భాషలో ఒకే ఒక వరస రాసి మీట నొక్కాను. తెర మీద "నేను ఒప్పుకోను" అని వచ్చింది. మళ్లీ నొక్కాను. "నేను ఒప్పుకోను."

"ఇది సాకెట్‌కి తగిలించనక్కరలేదా?"

"అక్కర్లేదండి. మీ బల్ల మీదున్నా ఒప్పుకోదు, ఇంటికి పట్టుకెళ్లినా ఒప్పుకోదు."

పరాంకుశంగారు కళ్లజోడు తీశారు. కళ్లు చెమ్మగిల్లాయి. "ముప్పది సంవత్సరముల సర్వీసులో ఇంత స్వతంత్రమైన ప్రోగ్రామును చూడలేదు." అప్పటికప్పుడు క్యాంటీను నుంచి ఉతికిన బల్లగుడ్డ ఒకటి తెప్పించి, ఆ ల్యాప్‌టాప్‌కు శాలువాలా కప్పారు. మేనేజరుగారు చప్పట్లు కొట్టారు. గేటు కాపలా వాళ్లు పరుగున వచ్చి ఈ భాష మాదేనని పట్టుకుపోయారు.

"అయితే ఆరుకి ఒకటి. మెజారిటీ వచ్చేసింది. బస్సు రేపు వెళ్లచ్చా సార్?" అన్నాను.

"అట్లెట్లు? అసమ్మతి తెలిపినవారికి కారణములు చెప్పుకొను అవకాశమీయవలెను. అది సహజ న్యాయసూత్రము. విచారణ సోమవారమునకు వేయుచున్నాను."

సోమవారం! పాలగిన్నె నా కళ్లముందు మెరిసి, దొర్లుకుంటూ వెళ్లిపోయింది. నేను వెంటనే లేచి గేటు దగ్గరికి పరుగెత్తి, ఆ ల్యాప్‌టాప్ తెచ్చి ఇంకో రెండు వరసలు చేర్చాను. ఈసారి తెర ఇలా అంది: "నేను ఒప్పుకోను. నిలబడ్డ బస్సును అడిగితే ఏం తెలుస్తుంది? శనివారం ఘాట్ ఎక్కించి, మలుపు మలుపుకీ అడగండి."

పరాంకుశంగారు రెండుసార్లు చదివారు. "సహేతుకమైన అభ్యంతరము," అన్నారు. "సమర్థించుచున్నాను."

శనివారం పొద్దున్న బస్సు బయలుదేరింది. ప్రయాణికులు ఒక్కరూ లేరు. తనిఖీ ప్రయాణంలో ప్రయాణికులను ఎక్కించరాదని రూలు. పరాంకుశంగారూ, మేనేజరుగారూ, ఆరు విభాగాల అధికారులూ, గేటు కాపలా ఆయనా, ఏడు ల్యాప్‌టాప్‌లూ, బుల్లియ్యగారూ, నేనూ. ల్యాప్‌టాప్‌లకు తలా ఒక సీటు ఇచ్చి తువ్వాళ్లతో కట్టారు. క్యాంటీను మేనేజరు ఒక పెద్ద గిన్నెడు పులిహోర తెచ్చాడు. ఉద్యోగంలో చేరాక ఈ అధికారులెవరూ మా బస్సు ఎక్కలేదట. కిటికీల కోసం తోసుకున్నారు. ట్రాఫిక్ సూపర్‌వైజరు తల బయట పెట్టి, "అదిగో జలపాతం!" అని అరిచాడు. మేనేజరుగారు ఆయన్ని కసిరి, తానూ తల బయట పెట్టారు. ప్రతి మలుపులోనూ డ్రైవరు బస్సు నెమ్మది చేయడం, వంతుల ప్రకారం సాకెట్‌కి తగిలించడం, లోపం లేదు లోపం లేదు అని ఆరు గొంతులు. చివర్లో గేటు కాపలా ఆయన లేచి నిలబడి, "మేం ఒప్పుకోం!" అనేవాడు. నాలుగైదు మలుపులు తిరిగేసరికి దానికో రాగం కుదిరింది. అందరూ కలిసి భజనలా పాడారు.

గుర్రాలమెట్ట స్టాపులో జనం ఉన్నారు. జనం మధ్యలో మావారు. నీలం చొక్కా, భుజాన సంచీ, చేతిలో డబ్బాలో నాటిన చిన్న సంపంగి మొక్క. కొత్తింటికని. నన్ను చూసి ఆయన మొహం వెలిగిపోయింది. నా మొహం ఏమైందో నాకు తెలియదుగానీ, బుల్లియ్యగారు గొంతు సవరించుకుని అటు తిరిగారు.

పరాంకుశంగారు ఫుట్‌బోర్డు మీద నిలబడి చెయ్యెత్తారు. "ఇది తనిఖీ బస్సు. ఎవరును ఎక్కరాదు."

"మరి మేమెలా దిగాలండీ?" అంది ఒక ముసలమ్మ.

"వేరు బస్సులో దిగవలెను."

"వేరే బస్సు లేదు కదయ్యా!"

"అది ట్రాఫిక్ విభాగము చూచుకొనును," అన్నారాయన. ట్రాఫిక్ సూపర్‌వైజరు జలపాతం వైపు చూస్తున్నాడు.

మావారు ఒక అడుగు ముందుకేసి మళ్లీ ఆగారు. ఇంత దూరం వచ్చి, నాలుగు మూరల దూరంలో ఆయన నిలబడి ఉంటే, నేను ఖాళీ సీటు పక్కన కూర్చుని దిగిపోవాలా? అప్పుడు నాకొకటి తట్టింది.

"సార్! ఎక్కేటప్పుడు సాక్షులందరూ సంస్థవాళ్లే. దిగేటప్పుడైనా బయటివాళ్లు ఒకరుండద్దా? రేపు ఆడిట్ అడిగితే?"

ఆడిట్ అన్న మాట వినగానే పరాంకుశంగారి నడుము నిటారైంది. జనంలోకి చూశారు. సంపంగి మొక్క పట్టుకున్న మనిషి మర్యాదస్తుడిలా కనిపించాడు కాబోలు.

"మీరు రండి. సంస్థ ఉద్యోగియా?"

"కాదండి. వృక్షశాస్త్రం లెక్చరర్ని."

"సాఫ్ట్‌వేరు గూర్చి ఏమైనా తెలియునా?"

"బొత్తిగా తెలియదండి."

"బస్సుల గూర్చి?"

"ఎక్కడం తెలుసు. దిగడం తెలుసు."

"శ్రేష్ఠము. ఎక్కుడు." మావారు ఒక కాలు పైకి పెట్టారు. "ఈ బస్సులో ఎవరితోనైనా బంధుత్వమున్నదా?"

మావారికి అబద్ధం రాదు. అందుకే చేసుకున్నాను. "మూడో కిటికీ దగ్గరున్నావిడ నా భార్యండి," అన్నారు. కాలు కిందకు దించేశారు.

బస్సంతా నావైపు తిరిగింది. పరాంకుశంగారి పెదవులు బిగుసుకున్నాయి. బుల్లియ్యగారు అడ్డం పడ్డారు.

"అయ్యా, మొగుడూ పెళ్లాలు ఒక మాట మీదుండటం తమరెక్కడన్నా సూశారేటండి? ఇంతకన్నా స్వతంత్రమైన సాచ్చి యాడ దొరుకుతాడు?"

పరాంకుశంగారు దూరంగా కొండల్లోకి చూశారు. ఇంటి సంగతులేవో గుర్తొచ్చినట్టున్నాయి. "మా గృహానుభవము ప్రకారము మీ మాటలో వాస్తవమున్నది. అయినను పరీక్షింపవలెను. అమ్మా, దిగుడు. ఇద్దరును వీపులు కలిపి నిలబడుడు. కాఫీయా, టీయా?"

"కాఫీ," అన్నాం ఇద్దరం.

"బస్సులో కిటికీ ప్రక్కన ఎవరు కూర్చుండవలెను?"

"ఆయన," అన్నాను నేను. "ఆవిడ," అన్నారాయన.

"భేదము!" అని మేనేజరుగారు గంతేశారు.

"కాదు," అన్నారు పరాంకుశంగారు. "ఇది భేదము కాదు, మర్యాద. మీకు కొత్తగా వివాహమైనదా?"

"అవునండీ!" అన్నాం ఒకే గొంతుతో, ఆనందం ఆపుకోలేక.

"అదీ సంగతి. అనర్హులు. అమ్మా, బస్సెక్కుడు."

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. నేను ఎక్కి, కిటికీలోంచి మావారికి కన్ను గీటాను.

"కంట్లో ఏదైనా పడిందా వకుళా?" అన్నారాయన ఆదుర్దాగా.

మళ్లీ గీటాను. "వంటింటికి ఆకుపచ్చ కర్టెన్లు కొన్నానండీ!"

"చాలా బాగుంటాయి."

"బాగుంటాయి అనకండి!"

"ఎందుకనకూడదు? నువ్వు కొంటే బాగానే ఉంటాయి."

"అయ్యో రామా, మనమిప్పుడు పోట్లాడుకోవాలండీ!"

"నీతోనా? నీతో నేనెందుకు పోట్లాడతాను?"

"పోట్లాడకపోతే ఇక్కడే ఉండిపోతారు!"

"ఉంటే ఉంటాను. నీతో మాత్రం పోట్లాడను."

"పోట్లాడాలి!"

"పోట్లాడను!"

"నామీద ఏమాత్రం ప్రేమున్నా పోట్లాడతారు!"

"ప్రేముంది కాబట్టే పోట్లాడను! నువ్వు అడిగావని ఏదైనా చేస్తాననుకుంటున్నావా?"

"మొన్న ఫోన్లో అలాగే అన్నారు!"

"ఇది తప్ప అన్నాను!"

"ఇది తప్ప అని ఎప్పుడన్నారు? ఎలుగుబంట్ల మధ్య పరిగెత్తుతానన్నవారు నాకోసం నాలుగు మాటలు అనలేరా?" నా గొంతు నిజంగానే లేచింది. ఆయన మొహం నిజంగానే ఎర్రబడింది. సంపంగి మొక్క ఊగిపోతోంది.

"భేష్!" అని పరాంకుశంగారు చప్పట్లు కొట్టారు. "పోట్లాడవలెనా, వద్దా అను మూల విషయముననే ఏకాభిప్రాయము లేదు! ఇంత లోతైన అసమ్మతిని నేనెన్నడును చూడలేదు. ఎక్కుడు, ఎక్కుడు!"

"చూశారా, ఎక్కమంటున్నారు!" అన్నాను.

"నేను పోట్లాడలేదు," అంటూనే ఆయన ఎక్కారు.

ఇదంతా చూస్తున్న ముసలమ్మ, పక్కనున్న ముసలాయన్ను ముందుకు తోసింది. "బాబూ, ఈడితో నాకు పెళ్లైనకాడ్నించీ పడదు."

"అబద్ధమండి," అన్నాడాయన. "పెళ్లికి ముందునించే పడదు."

"ఎక్కుడు," అన్నారు పరాంకుశంగారు పరవశంగా.

కాలేజీ అమ్మాయిలిద్దరు ఒకే గొడుగు పట్టుకుని అది నాదంటే నాదని లాక్కున్నారు. వాళ్లెక్కారు. వదినా ఆడపడుచులు ఎక్కారు. వాళ్లకు పరీక్ష పెట్టే అవసరం కూడా రాలేదు. పనసపండు మోస్తున్న ఒకతను మాత్రం చివరికి ఒంటరిగా మిగిలాడు. అటూ ఇటూ చూశాడు.

"నాకెవరూ లేరండి. అంచేత మీరు చెప్పే ఏదీ నేనొప్పుకోను."

"ఇంకను ఏమియు చెప్పలేదు కదా?"

"చెప్పినా ఒప్పుకోను."

"రమ్ము నాయనా," అన్నారు పరాంకుశంగారు, పనసపండును ఒక పక్క తానే పట్టుకుని.

బస్సు నిండింది. మలుపు మలుపుకీ ఆరు గొంతులు లోపం లేదన్నాయి. బస్సులో సగం మంది మేం ఒప్పుకోమన్నారు. మావారూ నేనూ ఒకే సీట్లో చెరోవైపు మొహం తిప్పుకుని కూర్చున్నాం. జలపాతం దగ్గర ఆయన నావైపు పులిహోర పొట్లం జరిపారు. నేను వద్దన్నాను. తర్వాతి మలుపులో తిన్నాను.

ఆదివారం పొద్దున్న, చెప్పిన ముహూర్తానికి, కొత్తింట్లో పాలు పొంగాయి. స్టవ్వు నిండా పొంగాయి, గట్టు మీద పొంగాయి, ఆయన పంచె మీద కూడా పొంగాయి. కిటికీలోంచి జామకొమ్మ చూసింది. ఎంత మంచి పొంగో అని ఆయనంటే, ఎంత మంచి పొంగో అని నేనూ అన్నాను. స్టవ్వు మాత్రం ఆయనే తుడిచారు.

సోమవారం ఆయన్ను బస్సెక్కించడానికి డిపోకి వెళితే, గుర్రాలమెట్ట బస్సు ముందు అద్దం లోపల కొత్త ఉత్తర్వు అంటించి ఉంది. డ్రైవరు వెనక సీట్లో శనివారంనాటి ముసలమ్మా ముసలాయనా, మెడలో సంస్థ బిళ్లలు వేసుకుని, కిటికీ తెరవాలా మూయాలా అని అప్పటికే మొదలుపెట్టారు. పక్కన పరాంకుశంగారు సంతృప్తిగా చూస్తున్నారు. మేం ఉత్తర్వు చదివాం.

"ఆరోగ్యముగానున్న ప్రతి బస్సునందును స్వతంత్ర అసమ్మతి నిమిత్తము ఒక దంపతుల జంటను నియమించవలెను. వారికి ప్రయాణము ఉచితము. పెండ్లియై సంవత్సరము నిండని దంపతులు, ఏకాభిప్రాయ ప్రమాదము దృష్ట్యా, ఈ పదవికి అనర్హులు."

"ఇది అన్యాయమండీ!" అన్నాం ఇద్దరం, ఒక్కసారే.

"అదిగో," అన్నారు పరాంకుశంగారు.